ఫ్లాటు సరే... లిఫ్టు సంగతేంటి?

తూర్పు ముఖమా, ఉత్తరమా అని అడుగుతారు. ఈశాన్యం మూల తెగిందేమోనని దిక్సూచి పెట్టి మరీ చూస్తారు. బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో పడ్డాయి, మంజీరా కనెక్షన్ ఉందా, కారు పార్కింగు రాసిస్తారా, అవిభాజ్య వాటా ఎన్ని గజాలు... ప్రశ్నలకు అంతుండదు. వంటింటి గ్రానైటును వేలితో కొట్టి చూసేవాళ్లూ, బాత్‌రూమ్‌లో బకెట్టు నీళ్లు కుమ్మరించి వాలు ఎటుందో పరీక్షించేవాళ్లూ ఉన్నారు. తప్పేం లేదు. జన్మలో ఒక్కసారి కొనుక్కునే ఇల్లు మరి!

ఇంత చూసినవాళ్లు లిఫ్టు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఒకే ఒక్క ప్రశ్నతో సరిపెట్టేస్తారు.

'లిఫ్టుంది కదా?'

'ఉంది సార్.'

అంతే, ఆ సంగతి అక్కడితో సరి. అది ఏ వయసుది, ఎవరు చూసుకుంటున్నారు, పోయిన నెలలో ఎన్నిసార్లు ఆగింది... ఎవరూ అడగరు. ఫ్లాటులో ఏది నచ్చకపోయినా తర్వాత మార్చుకోవచ్చు. టైల్స్ పీకేసి కొత్తవి వేయించుకోవచ్చు. కుళాయిలు మార్చుకోవచ్చు. లిఫ్టును మాత్రం ఏ ఒక్కరూ సొంతంగా మార్చుకోలేరు. బిల్డింగులో అందరూ ఒప్పుకోవాలి, అందరూ డబ్బు తియ్యాలి. ఆ 'అందరూ' అన్న మాట దగ్గరే అసలు కథంతా ఉంది.

పదిహేడు రోజులు

కూకట్‌పల్లి వైపు అద్దెకుంటున్న ఓ బ్యాంకు ఉద్యోగి కుటుంబానికి ఈ విషయం కాస్త కష్టంగానే తెలిసొచ్చింది. ఐదంతస్తుల బిల్డింగు. వీళ్లది నాలుగో అంతస్తు. ఆయన, భార్య, ఇంటర్ చదివే కూతురు, తెనాలి నుంచి వచ్చి కొడుకు దగ్గరే ఉంటున్న డెబ్బై రెండేళ్ల తల్లి. ఆవిడకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. అయినా పొద్దున్నే కిందికి దిగి వీధి చివరి గుడికెళ్లి రావడం, సాయంత్రం గేటు పక్క అరుగు మీద తోటివాళ్లతో కబుర్లు చెప్పుకోవడం మానలేదు. ఊరు విడిచి వచ్చిన మనిషికి ఆ రెండే ఊరు.

ఓ మే నెల రాత్రి ఉరుములతో వానపడింది. తెల్లారేసరికి లిఫ్టు కదల్లేదు. కంట్రోల్ బోర్డు కాలిపోయిందన్నాడు మెకానిక్. అది తమ ఒప్పందంలోకి రాదంది కంపెనీ. అంత డబ్బు ఇప్పుడెక్కడిదంది అసోసియేషన్. చెక్కు మీద రెండు సంతకాలు కావాలి. వాటిలో ఒకటి పెట్టాల్సిన పెద్దమనిషి కూతురి పురిటికని అమెరికా వెళ్లాడు. సగం ఫ్లాట్ల యజమానులు అక్కడ ఉండనే ఉండరు, అద్దెలకిచ్చుకున్నారు. లిఫ్టు ఆగితే వాళ్లకేమీ ఆగదు. అలా గడిచిన రోజులు అక్షరాలా పదిహేడు.

గ్యాస్ సిలిండరు కుర్రాడు మెట్లెక్కినందుకు అంతస్తుకింత అని లెక్కకట్టాడు. పై అంతస్తుల్లో పనిమనిషి రావడం మానేసింది. పెద్దావిడ మాత్రం బాల్కనీలో కుర్చీ వేసుకుని కిందికి చూస్తూ కూర్చునేది. 'జైల్లో వాళ్లనైనా వారానికోసారి ఎవరో ఒకరు వచ్చి చూసిపోతారు నాయనా' అందొకరోజు, నవ్వుతూనే.

పదకొండో రోజు రాత్రి పై అంతస్తులో ఓ పెద్దాయనకు గుండెల్లో నొప్పి వచ్చింది. అంబులెన్సు త్వరగానే వచ్చింది. స్ట్రెచరు మాత్రం ఆ ఇరుకు మెట్ల మలుపుల్లో తిరగలేదు. చివరికి ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటితో కట్టి, నలుగురు కుర్రాళ్లు మోసుకుంటూ దించారు. ప్రతి అంతస్తులో ఒకసారి ఆగి ఊపిరి తీసుకున్నారు. నాలుగో అంతస్తు దగ్గర ఆగినప్పుడు పెద్దావిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన చెమటలు కక్కుతూ ఆవిడ వంక చూశాడు. ఆయన బతికి బయటపడ్డాడు. ఆవిడ మాత్రం ఆ చూపు మరచిపోలేదు.

ఏడాది తిరక్కుండానే కొడుకు సొంత ఫ్లాటు కొనాలనుకున్నప్పుడు ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. 'దేవుడి గది లేకపోయినా ఫర్వాలేదు, అలమరలో పెట్టుకుంటా. లిఫ్టు సంగతి మాత్రం నువ్వు స్వయంగా చూడు.'

పెళ్లికొడుకు సూటు

స్వయంగా చూడమంటే ఏం చూస్తారు? మీట నొక్కితే వచ్చింది, ఎక్కితే వెళ్లింది. బాగున్నట్టే కదా! మొదటి రెండు మూడు ఫ్లాట్లు ఆయన అలాగే చూసొచ్చాడు. తర్వాత భార్య తరఫు చిన్నమామ ఒకాయన తోడొచ్చాడు. ముప్ఫై ఏళ్లు లిఫ్టులు బిగించి, బాగుచేసి రిటైరైన మనిషి. నిజాంపేటలో ఓ పదిహేనేళ్ల బిల్డింగు. లిఫ్టు లోపల తళతళలాడే స్టీలు రేకులు, నిలువుటద్దం, పైన నీలం దీపాలు, సన్నగా అన్నమయ్య కీర్తన. బ్యాంకాయన ముచ్చటపడిపోయాడు.

'క్యాబిన్ చూసి లిఫ్టు బాగుందనడం అంటే పెళ్లికొడుకు సూటు చూసి సంబంధం ఖాయం చేసుకోవడమే అల్లుడూ' అన్నాడా పెద్దాయన. 'పద, ముందు వాచ్‌మన్ వాళ్లావిడను అడుగుదాం.'

లిఫ్టు ఆగితే పై అంతస్తులకు పాలప్యాకెట్లు, కూరగాయలు మోసేది ఆ ఇల్లాలే. ఏ నెలలో ఎన్నిసార్లు ఆగిందో ఆవిడ మోకాళ్లకు తెలుసు. 'వానాకాలమొస్తే అంతేనయ్యా, గుంటలో నీళ్లు చేరతాయి. మోటారు పెట్టి తోడితేనే నడుస్తది' అంది ఆవిడ. ఏజెంటు మొహం మాడిపోయింది. అద్దం, దీపాలు అమ్మకానికి ముందు అసోసియేషన్ పెట్టించినవి. గుంటలో నీటి సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

లిఫ్టు గూడు అట్టడుగున, అంటే గ్రౌండ్ ఫ్లోరు లేదా సెల్లారు కింద, నాలుగైదడుగుల గుంట ఉంటుంది. స్ప్రింగుల్లాంటి బఫర్లు, స్విచ్‌లు, పట్టాల చివర్లు అందులోనే. అక్కడ నీళ్లు నిలిస్తే ఇనుము తుప్పుపడుతుంది, వైర్లు పాడవుతాయి. హైదరాబాద్‌లో చిన్న వానకే సెల్లార్లు చెరువులయ్యే కాలనీలు ఎన్నో. అలాంటిచోట ఫ్లాటు కొనేవాళ్లు ఎండాకాలంలో చూసి మురిసిపోకుండా, వానపడ్డ మర్నాడు ఒకసారి వెళ్లి రావడం మంచిది. ఆ రోజు లిఫ్టు నడుస్తోందో లేదో గేటు దగ్గరే తెలిసిపోతుంది.

తాడు తెగుతుందని భయం... తలుపు సంగతి మరుపు

లిఫ్టంటే మనవాళ్లకు ఉండే పెద్ద భయం తాడు తెగి కిందపడుతుందేమోనని. సినిమాల పుణ్యం! నిజానికి ఆ భయానికి మందు నూట డెబ్బై ఏళ్ల కిందే దొరికింది. 1854లో న్యూయార్క్ ఎగ్జిబిషన్‌లో ఎలీషా ఓటిస్ అనే ఆయన పైకెత్తిన వేదిక మీద నిలబడి, జనమంతా చూస్తుండగా తాడు నరికించాడు. వేదిక కొద్దిగా జారి ఆగిపోయింది. ఆయన కనిపెట్టిన బ్రేకు పట్టాలను కరిచి పట్టుకుంది. ఆ తర్వాత మూడేళ్లకు, 1857లో అదే ఊళ్లో ఓ ఐదంతస్తుల దుకాణంలో మనుషులెక్కే లిఫ్టు వచ్చింది. ఇప్పుడు మామూలు అపార్ట్‌మెంట్ లిఫ్టుకు కూడా ఒకటికి మూడు నాలుగు ఉక్కు తాళ్లుంటాయి. వేగం హద్దు దాటితే గవర్నర్ అనే చక్రం పసిగట్టి బ్రేకులు వేయిస్తుంది.

ఇంకో తమాషా ఏమిటంటే క్యాబిన్‌కు అవతల తూకంగా ఓ బరువు వేలాడుతుంటుంది. అది క్యాబిన్ బరువు, దాంతోపాటు పట్టే జనంలో దాదాపు సగం బరువుకు సరిపోయేలా ఉంటుంది. అంటే ఖాళీ క్యాబిన్ కంటే ఆ బరువే ఎక్కువ. ఒక్కడే ఉన్న లిఫ్టులో బ్రేకు పట్టు తప్పితే అది కిందికి పోదు, పైకి లాగుతుంది!

అసలు ప్రమాదం తలుపుల దగ్గర. 2025 తొలి నెలల్లో హైదరాబాద్‌లో లిఫ్టుల్లో ఇరుక్కుని పసిపిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు చదివి ఎన్నో ఇళ్లలో తల్లులు నిద్రపోలేదు. పాత బిల్డింగుల్లో లిఫ్టుకు బయట ఒక తలుపు, లోపల మడతపడే గ్రిల్లు ఉంటాయి. ఆ రెంటి మధ్య సందు ఎక్కువగా ఉంటే చిన్నపిల్ల నిలబడేంత చోటుంటుంది. బయటి తలుపు పడ్డాక, గ్రిల్లు పడ్డాక, మధ్యలో ఎవరున్నారో లిఫ్టుకు తెలియదు. గ్రిల్లు సందుల్లోంచి చేతులు, కాళ్లు బయటపెట్టడమూ పిల్లలకు సరదాయే.

అందుకే ఆ చిన్నమామ ఏ బిల్డింగుకు వెళ్లినా మొదట చేసే పని ఒకటుంది. లిఫ్టు పైఅంతస్తులో ఉండగా కింద నిలబడి బయటి తలుపును గట్టిగా లాగుతాడు. రాకూడదు. క్యాబిన్ ఎదురుగా లేనప్పుడు తలుపు తెరుచుకుందంటే తాళం పాడైనట్టే. చీకట్లో, ఫోన్ మాట్లాడుకుంటూ తలుపు తీసి అడుగేసినవాడు ఖాళీ గూట్లోకి పోతాడు. ప్రతి అంతస్తులోనూ లాగి చూస్తాడాయన. 'ఒక్క అంతస్తులో వచ్చినా ఈ బిల్డింగు వద్దు' అంటాడు. కఠినంగా అనిపించినా ఈ విషయంలో ఆయన మాటే సబబు. తాళం బాగుచేయించడం పెద్ద ఖర్చు కాదు. అదీ చేయించలేదంటే అక్కడ అడిగేవాడు లేడని అర్థం.

ఆ తర్వాత ఎక్కి చూడ్డం. అదీ మధ్యాహ్నం మూడింటికి కాదు. పొద్దున్న ఎనిమిదీ ఎనిమిదిన్నర మధ్య... స్కూలు బ్యాగులు, ఆఫీసు లంచ్ బాక్సులు ఒకేసారి కిందికి దిగే వేళ. ఎన్ని నిమిషాలు ఎదురుచూడాలో తెలుస్తుంది. ప్రతి అంతస్తులో ఆగినప్పుడు క్యాబిన్ నేల, బయటి నేల సమంగా ఉన్నాయా అన్నది ముఖ్యం. బొటనవేలి ఎత్తు తేడా యువకుల లెక్కలో తేడాయే కాదు. కాళ్లీడ్చి నడిచే వృద్ధులకు అదే తుంటి విరగడానికి చాలు. ఆగేటప్పుడు ఒక్కసారిగా కుదుపు వస్తోందా, తలుపు మూసుకుంటుంటే చెయ్యి అడ్డం పెడితే వెనక్కి తెరుచుకుంటోందా, అలారం నొక్కితే ఎవరికైనా వినిపిస్తోందా... ఇవన్నీ ఏజెంటు పక్కనుండగానే చూసుకోవచ్చు. మొహమాటపడాల్సిన పనిలేదు.

కరెంటు పోతే లిఫ్టు ఏం చేస్తుందన్నది ఇంకో ప్రశ్న. బ్యాటరీతో నడిచే రెస్క్యూ పరికరం ఉంటే క్యాబిన్ నెమ్మదిగా దగ్గరి అంతస్తుకు చేరి తలుపు తెరుచుకుంటుంది. ఏఆర్‌డీ అంటారు దాన్ని. 'ఉంది సార్' అన్న మాట దీనికీ సరిపోదు. దాని బ్యాటరీలు రెండు మూడేళ్లకు చచ్చిపోతుంటాయి. పరికరం గోడకే ఉంటుంది, పని మాత్రం చేయదు. మెకానిక్ వచ్చిన రోజున మెయిన్ ఆపించి చూపించమంటే నిజం బయటపడుతుంది. జనరేటరు ఉందంటే, అది లిఫ్టుకు కూడా ఇచ్చారా లేక మెట్ల దీపాలకూ బోరు మోటారుకేనా అని అడగాలి.

బరువు సంగతి సరదాగా ఉంటుంది. లిఫ్టు గోడ మీద '6 మంది, 408 కిలోలు' అని రాసి ఉంటుంది. మనిషికి 68 కిలోల లెక్క. ఊరినుంచి తెచ్చిన బియ్యం మూటలు, ఆవకాయ జాడీలు ఆ లెక్కలో లేవు! ఆరుగురు పట్టే లిఫ్టు లోపల లోతు మీటరుకు అటూఇటూగా ఉంటుంది. స్ట్రెచరు పడుకోబెట్టి తీసుకెళ్లడం కుదరదు. ముసలివాళ్లున్న ఇంటివాళ్లు కనీసం చక్రాల కుర్చీ పడుతుందా అన్నదైనా టేపు పెట్టి కొలుచుకోవాలి. పెద్ద టవర్లలో ఒక లిఫ్టయినా స్ట్రెచరు పట్టేంత ఉందేమో అడగాలి. ఎత్తైన భవనాల్లో అగ్నిమాపక సిబ్బంది కోసం ఫైర్ లిఫ్టు ఉండాలనీ, అది నిమిషంలోపు పై అంతస్తుకు చేరాలనీ జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. అందులోనే సిమెంటు బస్తాలు, సోఫాలు ఎక్కించే టవర్లు కూడా ఉన్నాయనుకోండి.

డాబా మీది చిన్న గది

పాత బిల్డింగుల్లో లిఫ్టు మోటారు డాబా మీద గదిలో ఉంటుంది. దానికి తాళం వేసి ఉండాలి, తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుండాలి. మూడు చోట్ల తాళం లేదు. ఓ చోట తాళం ఉంది, చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఎవరైనా మధ్యలో ఇరుక్కుంటే బయటికి తీయాల్సింది ఆ గదిలోంచే. ఇంకోచోట లోపల పావురాలు గూళ్లు పెట్టాయి, పక్కనే నీళ్ల ట్యాంకు కారుతోంది, గోడకు చెమ్మ. మోటారు కింద నూనె మడుగు.

సొంతంగా ఎవరూ ఆ గదిలో దేన్నీ ముట్టుకోకూడదు. గుమ్మంలో నిలబడి చూస్తే చాలు. తాళ్ల చుట్టూ ఎర్రటి పొడి రాలి ఉందంటే లోపల తుప్పు మొదలైందన్న మాట. తాళ్ల మీద తెగిన తీగలు ముళ్లలా పైకి లేచి ఉంటే మార్చే రోజు వచ్చేసినట్టే. గది శుభ్రంగా, గాలి ఆడుతూ, నేల తుడిచి ఉందంటే మాత్రం ఆ మెకానిక్కెవరో మనసుపెట్టి పనిచేస్తున్నాడని అర్థం. బ్యాంకాయన భార్య ఇదంతా చూసి 'వంటిల్లు చూస్తే ఇల్లాలు తెలిసినట్టేగా చిన్నాన్నా' అంది. ఆయన ఒప్పుకున్నాడు.

పుస్తకం విప్పమనండి

ఇంతకంటే పెద్ద పరీక్ష కాగితాల దగ్గరుంది. లిఫ్టు నిర్వహణకు అసోసియేషన్, కంపెనీ ఏటా ఒప్పందం చేసుకుంటాయి. ఏఎంసీ అంటే అదే. అందులో రెండు రకాలు. ఒకటి కాంప్రహెన్సివ్... విడిభాగాలు చాలావరకు అందులోకే వస్తాయి. రెండోది ఉత్త సర్వీసు... మెకానిక్ వచ్చి నూనె వేసి, తుడిచి, బిగించి పోతాడు. ఏది పోయినా డబ్బు వేరే. రెండోది చవక. అందుకే డబ్బుకు కటకటగా ఉన్న అసోసియేషన్లన్నీ దానికే మొగ్గుతాయి. కూకట్‌పల్లి బిల్డింగులో పదిహేడు రోజులు ఆగింది ఆ చవకతనం వల్లే. కాంప్రహెన్సివ్ అన్నంత మాత్రాన అన్నీ వస్తాయనీ కాదు. మినహాయింపుల జాబితా వెనక పేజీలో ఉంటుంది. పిడుగుపాటు, నీళ్లు చేరడం, హెచ్చుతగ్గుల కరెంటు చాలాసార్లు అందులోనే కనిపిస్తాయి.

ఒప్పందం తర్వాత అడగాల్సింది లాగ్ పుస్తకం. మెకానిక్ వచ్చినప్పుడల్లా తేదీ వేసి, ఏం చేశాడో రాసి, ఎవరో ఒకరితో సంతకం చేయించుకునే పుస్తకం. పన్నెండు నెలల్లో పన్నెండుసార్లు రాకుండా మూడుసార్లే వచ్చి ఉంటే తెలిసిపోతుంది. ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో, ఆరు నెలల సంతకాలు ఒకేసారి పెట్టి ఉన్నా తెలిసిపోతుంది. చూసిన తొమ్మిది బిల్డింగుల్లో ఆ పుస్తకం ఉన్నది రెండింట్లో. మిగతాచోట్ల 'ఎక్కడో ఉండాలండీ' అన్నారు.

మూడోది డబ్బు. లిఫ్టు పాతికేళ్ల ప్రాణి. పదిహేను దాటాక ఒక్కోటిగా అడగడం మొదలుపెడుతుంది... ఒకసారి తాళ్లు, ఒకసారి కంట్రోలరు, ఒకసారి తలుపులు. కొన్నాళ్లకు మొత్తం మార్చాల్సిందే. ఇరవై ఫ్లాట్ల బిల్డింగులో ఆ మార్పుకు పది లక్షలవుతుందనుకుంటే ఫ్లాటుకు యాభై వేలు. బ్యాంకులో కార్పస్ నిధి ఉంటే ఇబ్బంది లేదు. లేకపోతే ఆ యాభై వేలూ కొత్తగా కొనుక్కున్నవాడి నెత్తిన కూడా పడతాయి. బకాయిలు ఎంతమందివి, ఎంతున్నాయన్నది అసోసియేషన్ సమావేశాల మినిట్స్ చదివితే ఇట్టే తెలుస్తుంది. ఆ పుస్తకంలో మరో శాశ్వత పంచాయితీ కూడా కనిపిస్తుంటుంది. 'మేం మొదటి అంతస్తువాళ్లం, లిఫ్టు ఎక్కం, మేమెందుకు కట్టాలి?' 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం లిఫ్టులను ఉమ్మడి స్థలాల్లోనే చేర్చింది. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టంలోనూ ఉమ్మడి వసతులు, ఉమ్మడి ఖర్చుల మాట ఉంది. వాటా అందరిదీ అయినప్పుడు ఖర్చూ అందరిదే. ఈ తగువు తెగని బిల్డింగులో లిఫ్టు ఎప్పుడో ఓ రోజు ఆగి తీరుతుంది.

ఇంత సొంతంగా తవ్వుకోవాల్సిన అవసరం మనకే ఎందుకంటే దానికో కారణముంది. ముంబై వైపు 1939 నుంచే లిఫ్టుల చట్టం ఉంది. అక్కడ 2017లో దాన్ని కొత్తగా రాశారు. తమిళనాడు 1997లో, కర్ణాటక 2012లో, ఉత్తరప్రదేశ్ 2024లో చట్టాలు చేసుకున్నాయి. లైసెన్సు, ప్రభుత్వ తనిఖీ అన్నవి వాటితోనే వస్తాయి. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో అపార్ట్‌మెంట్లు వీధికి పది చొప్పున లేచిన దశాబ్దాల్లో మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఆ కాలంలో కట్టిన బిల్డింగులో లిఫ్టు లైసెన్సు చూపించమంటే చూపించడానికి అక్కడేమీ ఉండకపోవచ్చు. అప్పుడు నమ్మాల్సింది లాగ్ పుస్తకాన్నీ, మన కళ్లనూ.

కొత్తదైతే భయం లేదా?

కొత్త బిల్డింగు కదా, లిఫ్టూ కొత్తదే అనుకోవడం పొరపాటు. గోడలకు సున్నం కొట్టకముందే లిఫ్టు బిగించేస్తారు. ఇటుకలు, టైల్స్ పెట్టెలు, ఇసుక తట్టలు అందులోనే పైకెక్కుతాయి. తలుపుల గాడుల్లో సిమెంటు పొడి చేరుతుంది. జనం గృహప్రవేశాలు చేసుకునే నాటికి అది రెండేళ్లు కూలిపని చేసి అలసిపోయి ఉంటుంది. గ్యారంటీ కూడా చాలాసార్లు లిఫ్టు బిగించి అప్పగించిన రోజు నుంచే లెక్క. కాబట్టి తేదీ ఎప్పటినుంచో, ఎప్పటిదాకానో కాగితం మీద చూడాలి. బిల్డరు నుంచి అసోసియేషన్‌కు అప్పగించేటప్పుడు డ్రాయింగులు, కంట్రోలరు పాస్‌వర్డులు, ఒప్పందాలు అన్నీ చేతికి రావాలి. పాస్‌వర్డు రాకపోతే ఇక జీవితాంతం ఆ ఒక్క కంపెనీ చెప్పిందే ధర.

ఒక అండ మాత్రం ఉంది. రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో, సేవల్లో లోపం బయటపడి బిల్డరుకు తెలియజేస్తే, ముప్ఫై రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. నోటిమాటగా చెప్పి ఊరుకోకుండా రాతపూర్వకంగా ఇస్తేనే అది పనికొస్తుంది.

లిఫ్టులు ఎన్ని అన్నది కూడా చూడాలి. ఒక్కటే ఉంటే అది ఎంత గొప్పదైనా నెలకోసారి సర్వీసుకు ఆగుతుంది. రెండుంటే ఒకటి ఆగినా పని జరుగుతుంది. ఈ ఒక్క కారణంతో మియాపూర్‌లో ఓ అందమైన కొత్త ఫ్లాటును వదులుకున్నారు వాళ్లు. ఎనిమిదంతస్తులు, నలభై ఫ్లాట్లు, ఒకే లిఫ్టు! కూతురు రెండు రోజులు అలిగింది. ఆ బాల్కనీ ఆ పిల్లకు బాగా నచ్చింది పాపం.

చివరికి కొన్నది హైదర్‌నగర్‌లో పద్దెనిమిదేళ్ల బిల్డింగులో, రెండో అంతస్తు. చూడ్డానికి గొప్పగా లేదు. లిఫ్టులు రెండు, అద్దాలూ పాటలూ లేవు, ఒకటి కాస్త గరగరమంటుంది. తలుపులు ఏ అంతస్తులోనూ లాగితే రాలేదు. కార్యదర్శి రిటైర్డ్ లెక్కల మాస్టారు. లాగ్ పుస్తకం అడగ్గానే అలమరలోంచి మూడు తీశాడు, సంవత్సరాల వారీగా అట్టలు వేసి. చిన్నమామ వాటిని అరగంట తిరగేసి ఓ పేజీ దగ్గర వేలు పెట్టాడు. 'రెండో లిఫ్టు తాళ్లు వచ్చే ఏడాది మార్చాలి' అని నాలుగు నెలల కిందటే మెకానిక్ రాసిపెట్టాడు.

ఏజెంటు కంగారుపడ్డాడు, బేరం చెడిందేమోనని. చిన్నమామ మాత్రం 'తాళ్లు మార్చాలని రాసుకున్న బిల్డింగు ఇదొక్కటే కనబడింది అల్లుడూ' అన్నాడు. నిధిలో ఎంతుందో లెక్క చూశారు. తక్కువ పడే మొత్తంలో ఈ ఫ్లాటు వాటాను అమ్మే ఆయన ధరలోంచి తగ్గించడానికి ఒప్పుకున్నాడు. ఆ మాట అమ్మకం ఒప్పందంలో రాయించుకున్నారు. గృహప్రవేశమైన మూడోవారం జరిగిన అసోసియేషన్ సమావేశంలో తాళ్ల కొటేషన్లు మూడు బల్ల మీద పెట్టారు. బ్యాంకాయన కళ్లజోడు పెట్టుకుని మూడింటి వెనక పేజీలూ చదవడం మొదలుపెట్టాడు. పెద్దావిడ అప్పటికే కింద గేటు దగ్గర ఎవరెవరు ఏ ఊరివాళ్లో కనుక్కుంటోంది. ఇద్దరు తెనాలి వాళ్లు దొరికారట.